చేదు సీసా

ఎలుకల కాలేయాల రిపోర్టు పదకొండింటికి వస్తుందన్నారు. పొద్దుటి నుంచీ గడియారం వంకే చూస్తున్నాను.

మా ల్యాబులో మగ ఎలుకలకి ఒక ఆకు పసరు తాగిస్తున్నాం. మగవాళ్ళ కోసం తయారుచేస్తున్న మందు. గర్భం రాకుండా ఆపుతుందని కిందటేడే తేలింది. ఒంటికి హాని చేస్తుందా అన్నదే ఇప్పటి పరీక్ష. ఎలుకల్ని తూచడం, మందు తాగించడం, బోనులు కడగడం నా పని. సీసాలు రెండు. ఒకదాంట్లో పసరు, రెండోదాంట్లో ఉత్త జిగురునీళ్ళు. ఏది ఏదో ఈ పరిశోధన నడిపే మేడమ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పక్షపాతం చూపిస్తామట. ఎలుకలు మాకేమన్నా మేనల్లుళ్ళా!

అయినా నేను కనిపెట్టేశాను. రెండూ నాలిక మీద వేసుకుని చూస్తే నీలంమూతది కొంచెం చేదు, ఎర్రమూతది కటిక చేదు. ఎక్కువ చేదున్నదే కదా మందు! ఎలుకకి చుక్కలైతే నాకు చెంచా అని లెక్కకట్టుకుని, మూడు నెలలుగా దొంగతనంగా తాగుతున్నాను.

సిగ్గు విడిచి చెప్తున్నాను. రెండో కాన్పులో నా భార్య చచ్చి బతికింది. మళ్ళీ కడుపొస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తేల్చేసింది. మాత్రలు ఆమెకి పడవు. నన్ను ఆపరేషన్ చేయించుకోమంటే, కత్తి పేరెత్తితేనే నాకు భయం. "మంచి మందు వాడుతున్నాను, నీకేం భయం లేదు" అన్నాను. పిచ్చిది, నమ్మింది.

మేడమ్ కాగితాలతో వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఒక గుంపుకి కాలేయాలు పాడైపోయాయయ్యా. ఈ మందు పనికిరాదు."

"ఏ గుంపుకి మేడమ్?"

"నీలం మూత."

బతికిపోయాను! గోడకి జారబడి ఊపిరి వదిలాను. ఆ సంబరంలో నోరు జారింది.

"మరి ఎర్రమూతది అంత చేదెందుకు మేడమ్?"

"రుచి కూడా చూశావన్నమాట! పసరు చేదుగా ఉంటుందని జిగురునీళ్ళలోనూ చేదు కలిపాను. లేకపోతే మీరు ఇట్టే పట్టేస్తారుగా! కాస్త ఎక్కువే పడినట్టుంది."

నవ్వబోయి ఆగిపోయాను. మూడు నెలలుగా నేను తాగింది జిగురునీళ్ళు.

వరండాలోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాను.

"నీకు... ఈ నెల వచ్చిందా?"

"లేదండీ. పది రోజులు దాటింది. నీరసం వల్లేమోలే అని ఊరుకున్నా. ఎందుకండీ, అడుగుతున్నారు?"