తిరగేసి విన్న పాఠం

రఫ్ఫు పనిలో కళ్ళకూ వేళ్ళకూ ఊపిరి సలపదు గానీ, చెవులకు మాత్రం చేతినిండా తీరికే.

ఆవిణ్ణి వీధిలో అందరూ రఫ్ఫమ్మ అంటారు. నిప్పురవ్వ పడిన కోటూ, మేకుకు తగులుకుని చిరిగిన ప్యాంటూ, ఎలుక కొట్టిన శాలువా, ఏది తెచ్చిచ్చినా ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే చిల్లు పూడ్చి, చిరిగింది ఎక్కడో ఇచ్చినవాళ్ళే వెతుక్కునేలా చేస్తుంది. పని అయ్యాక బట్టను తిరగేసి చూసుకుంటుంది. పైవైపు చూసి బాగుందని ఏనాడూ అనుకోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు అది.

భర్త పోయిన మరుసటి ఏడు గోడ అవతలి వాటాలోకి ఒక సంగీతం టీచరమ్మ దిగింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఎవరో ఒక పిల్ల వచ్చి కీబోర్డు ముందు కూర్చునేది. స్వరాలు మెట్లెక్కినట్టు పైకి వెళ్ళేవి, మెట్లు దిగినట్టు కిందికొచ్చేవి. మధ్యలో ఎక్కడో కాలు జారేది. "మళ్ళీ" అనేది టీచరమ్మ. కోపం లేదు, విసుగు లేదు, ఇంకొంచెం అన్నం పెట్టనా అని అడిగినట్టే ఉండేది ఆ మాట. స్వరం తప్పినప్పుడల్లా గోడకు ఇవతల రఫ్ఫమ్మ సూది దానంతటదే ఆగేది. అవతల మొదలైతే ఇవతల కదిలేది. పాఠం అయ్యాక ఆ పిల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయేది.

టీచరమ్మ తరచూ అనే మాట ఇంకొకటి ఉంది. "బొటనవేలు కిందనుంచి రానీ." అదేమిటో రఫ్ఫమ్మకు అంతుపట్టలేదు. అడగడానికి ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు. మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ నీళ్ళు వచ్చాయా రాలేదా అన్నంతవరకే మాట్లాడుకునేవాళ్ళు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

మూడు నెలల కిందట టీచరమ్మ, వేళ్ళు బిగుసుకుపోతున్నాయని పాఠాలు మానేసి, వాళ్ళ అన్నగారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వచ్చి తలుపు తట్టింది.

"ఇన్నేళ్ళూ మా చప్పుడుతో మీ చెవులకు చిల్లులు పెట్టామండీ. ఏమీ అనుకోకండి. ఇక హాయిగా ఉండండి."

ఆ చప్పుడే నాకు తోడు అన్న మాట రఫ్ఫమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మాత్రం "అబ్బే, పర్లేదండీ" అనేసింది. టీచరమ్మ మెట్లు దిగేసింది.

ఆ రోజునుంచీ రఫ్ఫమ్మకు చెయ్యి కుదరడం మానేసింది. నాలుగవుతుంది, గోడ ఉలకదు పలకదు, పోగు మీద పోగు ఎక్కి కూర్చుంటుంది. నెల తిరక్కుండా రెండు కోట్లు వెనక్కొచ్చాయి. "ఏంటమ్మా, ఇది నీ చేతి పనేనా?" అని డ్రైక్లీనింగ్ షాపాయన మొహం మీదే అడిగాడు. రేడియో పెట్టి చూసింది. రేడియోలో ఎవరూ తప్పు పాడరు. తడబడి ఆగరు. పాట దాని దారిన అది పోతుంది, సూది దాని దారిన అది పోయి వేలిలో దిగుతుంది.

అందుకని కీబోర్డు కొనాలనుకుంది, యాభై ఎనిమిదేళ్ళ వయసులో. ఆవిడ స్తోమతకు ఒక్కసారే కొనగలదు, అదీ ఓ మోస్తరుది. పొరపాటుది తెచ్చుకుంటే ఇంట్లో మూగ సామాన్లలో ఇంకొకటి చేరుతుంది, అంతే. భర్త కుర్చీ, ఆయన గొడుగు, వాటి పక్కన ఇది.

తోడుగా చెల్లెలు వచ్చింది. చెల్లెలికి బజారంటే ప్రాణం, బేరమంటే పంచప్రాణాలు.

"నిజం చెప్పక్కా, ఎవరికిది?" బస్సులో అడిగింది.

"నాకే."

"నీకైతే పెద్దదే కొను. నెల్లాళ్ళలో నీకు మొహం మొత్తితే మా మనవరాలు వాయించుకుంటుంది."

"మొత్తకపోతే?"

"మొత్తుతుందిలే. చిన్నప్పుడు ఈత నేర్చుకుంటానని ఎన్నాళ్ళు వెళ్ళావ్?"

"రెండు రోజులు. మూడో రోజుకి నువ్వు తోసేశావుగా."

"నేర్పుదామనే తోశాను."

వాయిద్యాల షాపాయన బట్టతల మనిషి, కళ్ళజోడు తాడుకట్టి మెడలో వేసుకున్నాడు. "పాపకా, బాబుకా అండీ?" అని అడిగాడు.

"మా అక్కకి" అంది చెల్లెలు, ఆయన నవ్వుతాడేమోనని ఎదురుచూస్తూ.

ఆయన నవ్వలేదు. "అయితే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకన్నమాట" అన్నాడు. ఆ ఒక్క మాటతో రఫ్ఫమ్మకు ఆయన మీద సగం గురి కుదిరింది. ఎంతలో కావాలో చెప్పేసింది.

"ఇదిగో, ఈ బుల్లిది వద్దు. పిల్లల బొమ్మ. మీ వేలు పెడితే రెండేసి మీటలు కలిసి నొక్కుకుంటాయి. ఆ ఎనభై ఎనిమిది మీటలది మీరు చెప్పిన ధరకి రాదు, అవసరమూ లేదు. మామూలు సైజు మీటలు, అరవై ఒకటి ఉంటే మీకు చాలు. ఆ రకంలో రెండున్నాయి. ధర ఇంచుమించు ఒకటే."

మొదటిదాని మీటల కింద దీపాలు వెలిగాయి. అందులో నాలుగు వందల గొంతులున్నాయట, డప్పులు వాటంతటవే మోగుతాయట. చెల్లెలు బటన్లన్నీ నొక్కేసింది.

"అక్కా, కుక్క అరుపు కూడా ఉంది ఇందులో."

"అది మన వీధిలో ఊరికే వస్తుందిగా."

రెండోది నల్లగా, సాదాగా ఉంది. "షోకేసులో పెట్టిన పీసండీ, మూల గీత పడింది. లేకపోతే ఈ ధరకి రాదు" అన్నాడు షాపాయన. "ఇందులో గొంతులు తక్కువ. కానీ మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఈ ఎర్ర బటన్ నొక్కి వాయిస్తే, వాయించింది దాచిపెట్టి మళ్ళీ వినిపిస్తుంది."

"వాయించేది నేనే కదా. మళ్ళీ నాకే వినిపించడం దేనికి?"

"ఉంటుంది లెండి, అవసరం. హెడ్‌ఫోన్ కూడా పెట్టుకోవచ్చు. పక్కింటివాళ్ళకి ఇబ్బంది ఉండదు."

"పక్కింటికి తాళమేనండీ" అంది రఫ్ఫమ్మ.

ఆయన రెండూ వాయించి చూపించాడు. రెండూ కొత్త స్టీలు గిన్నెల్లా ఖంగుమన్నాయి. తను పదకొండేళ్ళు విన్నది ఈ రెండింట్లోనూ లేదు. రఫ్ఫమ్మ ఎటు చూడాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే షాపు వెనక సామాన్ల గది కనిపించింది. దానికి తలుపుంది.

"ఏమీ అనుకోకపోతే, ఈ రెండూ ఆ గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసుకుని వాయిస్తారా?"

"అక్కా, పరువు తియ్యకు" అని చెల్లెలు చెయ్యి గిల్లింది.

"తలుపేసుకునా?" అన్నాడాయన.

"నేనిక్కడే నిలబడతాను. తిరగేసి వినాలి నాకు. పాటలొద్దు. స్వరాలు పైకి వెళ్ళి కిందికి రావాలి, అంతే. ఏది ముందు వాయిస్తున్నారో చెప్పకండి."

షాపాయన ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూసి, కీబోర్డులు ఒకటొకటిగా మోసుకెళ్ళి తలుపు వేసుకున్నాడు. రఫ్ఫమ్మ తలుపుకు వీపు పెట్టి కళ్ళు మూసుకుంది.

మొదట వినిపించినదాంట్లో ప్రతి స్వరమూ ఒకే బరువు, ఒకే పొడవు. మెషీను కుట్టులా ఉంది అనుకుంది. రెండోసారి వచ్చింది అలా లేదు. ఒక స్వరం తేలిగ్గా తాకింది, ఇంకొకటి కాస్త ఆనింది, మూడోది ఆనీ ఆనకుండా తప్పుకుంది. ఇది చేతి కుట్టు. ఆవిడ కుడిచేతి వేళ్ళు సూది పట్టుకున్నట్టు తెలియకుండానే దగ్గరకొచ్చాయి.

"రెండోసారి వాయించినది" అంది తలుపు తెరుచుకోగానే. అది గీత పడినదే.

షాపాయన ప్యాక్ చేసేముందు ఆవిడ బొటనవేలు పట్టుకుని ఒక తెల్లమీట మీద పెట్టాడు. "ఇదిగో, రెండు నల్లవి జంటగా ఉన్నచోట, వాటికి ఎడమపక్కది. ఇక్కడ మొదలు."

చెల్లెలు కీబోర్డును ముందుగదిలో బల్ల మీద పెట్టించి, టీ తాగి, "మొహం మొత్తగానే ఫోన్ చెయ్యి" అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది.

మర్నాడు నాలుగింటికి రఫ్ఫమ్మ దాని ముందు కూర్చుంది. బొటనవేలు పెట్టింది. నొక్కింది. స్వరం మొహం మీదికొచ్చి నిలబడినట్టు పలికింది, అంత దగ్గరగా, అంత బోడిగా. ఇది అది కాదు. తలుపు చాటున నన్ను నేనే మోసం చేసుకున్నానా అనుకుంది. అయినా కొనేసిందాన్ని ఏం చేస్తుంది, తర్వాతి వేలు వేసింది, ఆ తర్వాతిది వేసింది. ఐదు మెట్లెక్కేసరికి ఐదు వేళ్ళూ అయిపోయాయి. పైన ఇంకా మూడు మెట్లున్నాయి.

చెయ్యి గాలిలో ఆగిపోయింది. అప్పుడు తట్టింది. బొటనవేలు కిందనుంచి రానీ. మూడు వేళ్ళు వేసి, బొటనవేలిని వాటి కిందనుంచి దూర్చింది. వంకరగా వచ్చింది, కానీ వచ్చింది. తక్కిన మెట్లకు వేళ్ళు సరిపోయాయి. ఈ సంగతి చెప్పడానికి తల తిప్పింది. ఆయన కుర్చీ ఉంది.

తను ఎప్పుడూ గోడకు వాయించే వైపున లేదన్న సంగతి కూడా అప్పుడే తోచింది. ఎర్ర బటన్ నొక్కింది. మొదలుపెట్టింది. నాలుగో స్వరం దగ్గర వేలు పక్కమీట మీద పడింది. అలవాటు కొద్దీ ఎవరో అంటారని కాసేపు ఆగింది. ఎవరూ అనలేదు. తనే మొదటినుంచి ఎత్తుకుంది. దిగేటప్పుడు ఇంకోచోట జారింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ ఎత్తుకుంది.

వినిపించే బటన్ నొక్కి గబగబా లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసింది. పదకొండేళ్ళుగా గోడవైపు ఉన్న కుర్చీని తలుపువైపు తిప్పుకుని, వెనక్కొచ్చిన కోటు ఒళ్ళో వేసుకుంది.

తలుపు అవతల ఎవరో కొత్తగా చేరిన పిల్ల భయపడుతూ మెట్లెక్కుతోంది. సూది కదిలింది. నాలుగో మెట్టు మీద ఆ పిల్ల కాలు జారింది. సూది దానంతటదే ఆగింది. అవతల చడీచప్పుడూ లేదు.

"మళ్ళీ" అంది రఫ్ఫమ్మ, కోపం లేకుండా.

తలుపు అవతల స్వరం మొదటినుంచి ఎత్తుకుంది.

కోటు పూర్తయ్యేలోపు నాలుగుసార్లు లేచి వెళ్ళి బటన్ నొక్కొచ్చింది. నాలుగుసార్లూ ఆ పిల్ల అక్కడే తప్పింది, నాలుగుసార్లూ ఆవిడ అదే మాట అంది. పాఠం అయిపోయాక మెట్లు దిగే చెప్పుల చప్పుడు కోసం కాసేపు అలాగే కూర్చుంది. అది రాలేదు.

కోటును తిరగేసి చూసుకుంది. చిల్లు ఎక్కడుండేదో వేలితో తడుముకోవలసి వచ్చింది.