ఆయా రాసిన ఉత్తరం

నలభై మూడు నల్ల గౌన్లు. ఏడాదంతా బడి అటక మీద దుమ్ము పట్టి ఉంటాయి. పదో తరగతి పిల్లల గ్రాడ్యుయేషన్ దగ్గరపడగానే కిందికి దిగి నా నెత్తి మీదికొస్తాయి. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా ఆయమ్మా, ఉతికి ఇస్త్రీ చేసి పట్రా" అంటుంది పెద్ద టీచరమ్మ. నేను ఖాళీగా ఎప్పుడుంటానో ఆవిడకెలా తెలిసిందో గానీ, ఇరవై ఆరేళ్లుగా నాకైతే తెలియలేదు.

పదిహేడో గౌను ఇస్త్రీ చేస్తూ మా ఆయనతో అన్నాను. "బళ్లో నోటీసు పెట్టారు. గ్రాడ్యుయేషన్ ఎలా చేస్తే బాగుంటుందో సిబ్బంది అంతా రాసి ఇమ్మన్నారు. నేనూ రాద్దామనుకుంటున్నా."

ఆయన అదే బళ్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పేపరు దించకుండానే నవ్వాడు. "సిబ్బందంటే నువ్వా? రేపు బల్లలూ కుర్చీలూ కూడా రాసిస్తాయేమో!" మళ్లీ జాలిపడ్డట్టు, "సరేలే, ఏం రాయాలో చెప్పు, నేను రాసిపెడతా. నీకెందుకొచ్చిన తంటా" అన్నాడు.

నాకు అన్నీ ఆయనే రాసిపెట్టేవాడు. సెలవు చీటీలు, అమ్మ పోయినప్పుడు అన్నయ్యకు వేసిన కార్డు, అన్నీ. నేను వేలిముద్ర వేసేదాన్ని. అమ్మాయి మొగుణ్ణి వదిలేసి వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాక నాకు భయం పట్టుకుంది. అది ఉత్తరం రాస్తే ఈయన చదివి వినిపిస్తాడా, మింగేస్తాడా? ఆ భయంతోనే యాభై దాటాక పిల్లల టిఫిన్ డబ్బాల మీద పేర్లు చూసి, తరగతుల్లో వదిలేసిన పుస్తకాలు తెచ్చుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆయనకు తెలియకుండానే చదవడమూ రాయడమూ వచ్చాయి. ఉత్తరం రాలేదు. ఏటా పిల్లలు పట్టా పుచ్చుకుని వెనక్కి చూడకుండా గేటు దాటిపోతుంటే, ప్రతి ఆడపిల్ల వీపూ మా అమ్మాయి వీపులాగే కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు తెల్లకాగితం కోసం ఆయన ఫైళ్ల పెట్టె తెరిచాను. అడుగున ఒక కవరు, మీద పంపినవారి చోట అమ్మాయి పేరూ అడ్రసూ. లోపల రెండు కాగితాలు. మొదటిది ఆయన దస్తూరి, కింద నా వేలిముద్ర. "నీ తల్లి చెప్పి రాయించినది. నువ్వు చేసిన పనికి ఇక నీ ముఖం చూడను. ఈ గడప తొక్కవద్దు." ఆ ముద్ర వేసిన రోజు నాకు బాగా గుర్తు. "ఒంట్లో జాగ్రత్త అని రాశాను, ఇక్కడ వెయ్యి" అన్నాడు. ఆ కాగితాన్నే అమ్మాయి తిప్పి పంపింది. జత చేసిన రెండో కాగితంలో ఒక్కటే వాక్యం. "అమ్మా, ఇవి నీ మాటలేనా?"

తేదీ చూస్తే తొమ్మిదేళ్లయింది.

ఏడవలేదు. ఏడిస్తే ఆయన లేస్తాడు. కవరు జాకెట్లో దోపుకుని మిగిలిన గౌన్లు ఇస్త్రీ చేశాను.

సాయంత్రం ఆయన కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటే చెప్పాను. వేదిక మీద పిల్లల్ని ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆయన కూతురు అని పిలుస్తున్నారు, ముందు తల్లి పేరు చదవాలి. సంచులు మోసుకుని గోడవారగా నిలబడే తల్లులకు ముందు వరసలో కుర్చీలు వెయ్యాలి. ఆయన రాసి చదివి వినిపించాడు. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారి దివ్యసముఖమునకు, తమ సేవకురాలు విన్నవించుకొనునది, ముఖ్య అతిథి గారికి ఇంకొంచెం పెద్ద పూలగుత్తి..."

"తల్లుల మాటేదీ?"

"అవి రాస్తే నవ్వుతారే పిచ్చిదానా. ఇదిగో, వేలు పెట్టు" అంటూ సిరా డబ్బా మూత తీశాడు.

"చెయ్యి తడిగా ఉంది" అన్నాను. నిజానికి పొడిగానే ఉంది.

రాత్రి ఆయన పడుకున్నాక కూర్చుని నేను రాసిందే మర్నాడు పెద్ద టీచరమ్మకిచ్చాను. ఆవిడ నిలబడే మొదటి పేజీ చదివింది.

"ఇది మీ ఆయన దస్తూరి కాదే. ఎవరు రాసిచ్చారు?"

"నేనేనమ్మా."

నన్ను ఎగాదిగా చూసింది. "ముందు వరస దాతలకి ఆయమ్మా, తల్లులకి కాదు. ఇద్దరి పేర్లూ చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అయినా నీకెందుకే ఇవన్నీ? ఆ రోజు నువ్వు తెర వెనక గౌన్లకు పిన్నులు పెడుతూ ఉంటావు. నీకేం కనిపిస్తుంది గనక?"

అయినా నోరు తెరుచుకుంది. "పిన్నుల పని ఇంకెవరికైనా చెప్పండమ్మా. ఈసారి నేనుండను."

"ఉండవా? సెలవు కావాలంటే పద్ధతి ఉంది. మీ ఆయనతో చీటీ రాయించి పంపు."

"రెండో పేజీ తిప్పండమ్మా."

ఆవిడ తిప్పి, పెదాలు కదుపుతూ చదివింది. "మా అమ్మాయి నన్నొక మాట అడిగింది. జవాబు చెప్పి రావాలి. నా దగ్గరున్నది పాత అడ్రసు. కనుక ఎన్ని రోజులు సెలవు కావాలో చెప్పలేను."