మా ఇంట్లో తాగిన గ్లాసుడు నీళ్లు

పెనుగొండ పోయే రోడ్డు మీంచి కుడికి తిరిగితే రొయ్యల చెరువులు. వాటి మధ్యలో ముప్పై గడపల మా పేట. నేను ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి. అయినా గవర్నమెంటు పాలసీల మీద నా అంత మాట్లాడేవాడు పేటలో లేడు. "ఏసీ గదుల్లో కూర్చుని రాస్తారయ్యా. ఈ నీళ్లు తాగేవాణ్ణి అడిగి రాస్తేగా!" అని చర్చి అరుగు మీద ఇరవయ్యేళ్లు తిట్టాను. ఆఖరికి అడిగారు. నన్నే అడిగారు.

మార్చిలో సుప్రియ అనే అమ్మాయి సర్వేకి వచ్చింది. కొత్త పాలసీ తయారవుతోందట. ఏ పేటలో రొయ్యల చెరువుల వల్ల తాగే నీళ్లు ఉప్పెక్కాయో మ్యాపులో గుర్తు పెడతారు. గుర్తు పెట్టిన చోట ఇక కొత్త చెరువు తవ్వకూడదు, కాలవ నీళ్లు పైపు వేసి ఇవ్వాలి. మా బోరు నీళ్లతో పప్పు ఉడకదు, టీ విరిగిపోతుంది. పక్కింటి రత్తమ్మొదిన ఆ నీళ్లు పోసుకుని ఒళ్లంతా గోక్కుంటుంది. ఇంతకన్నా మాకు కావలసిందేముంది?

కానీ పేటకి ఒక్క ఇల్లే చూస్తారట. "మీ ఇంటికే వెళ్లమన్నారండి, మీరే పెద్దమనిషట" అంది. బ్యాగు దించుతుంటే అందులో నీళ్ల సీసా కనపడింది. మా పేటకొచ్చే ప్రతి ఆఫీసరూ సీసా తెచ్చుకుంటాడు. ఎందుకు తెచ్చుకుంటాడో మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్లకీ తెలుసు.

"మా ఇంట్లో మంచినీళ్లు తాగరేమోలెండి" అన్నాను పుల్లవిరుపుగా.

"అయ్యో, ఎందుకు తాగనండి బాబాయ్‌గారూ! మీరు రోజూ తాగేవే ఇవ్వండి. ఉప్పు కొలిచే మీటరు కూడా ఆ గ్లాసులోనే పెడతాను."

మంచం మీద నా పక్కనే కూర్చుంది. నా యాభై ఏళ్లలో మా గడపలో కూర్చుని గ్లాసుకి చెయ్యి చాపిన ఆఫీసు మనిషి ఆ పిల్లే. మా ఆవిడ ప్రసన్నకుమారి బోరు నీళ్ల బిందె దగ్గరికి వంగింది. నేను కళ్లతోనే వద్దన్నాను. ఆదివారం పాస్టరుగారు భోజనానికొస్తారని కొన్న మినరల్ వాటర్ టిన్ను మూలనుంది. దానివైపు గడ్డం ఊపాను. ప్రసన్న నా మొహంలోకి ఓసారి చూసి, టిన్నులోంచే వంపింది.

ఆ పిల్ల గటగటా సగం తాగి, మిగిలిన సగంలో మీటరు ముంచింది. "అరవై రెండు. చాలా బాగున్నాయండీ!" అంది.

"మా పేటకేం లోటమ్మా!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

"అయితే సమస్య లేదని రాయనా?"

అప్పుడే రత్తమ్మొదిన గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, మా బోరు సంగతి..."

"అంతా నేను చెప్పాన్లే, నువ్వెళ్లొదినా."

"మా మరిది చెప్పాడంటే మరి చూసుకోక్కర్లేదమ్మా, ఇతని ముందు ప్లీడరైనా పనికిరాడు!" అని నవ్వుతూ వెళ్లిపోయింది. నేను సంతకం పెట్టాను.

మే నెలలో గ్రామ సచివాలయం గోడకి జాబితా అంటించారు. మా పేట పేరు సమస్య లేని ఊళ్లలో ఉంది. వారం తిరక్కుండా మా బోరు వెనక వరిచేలో చెరువు తవ్వుతామని హద్దు రాళ్లు పాతారు. పేటంతా గొల్లుమంది. "ఆ సర్వే పిల్ల చెరువులోళ్ల దగ్గర డబ్బు తినేసింది" అన్నారెవరో. నేను కాదనలేదు. పైగా "ఏమో, ఎవరికి తెలుసు!" అన్నాను. ఆ రాత్రి ప్రసన్న అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

అభ్యంతరాలు చెప్పుకోడానికి గ్రామసభ పెట్టారు. సుప్రియనీ పిలిపించారు. పంచాయతీ సెక్రటరీ సత్యప్రసాద్ గారు కాగితాలు తిరగేస్తుండగానే రత్తమ్మొదిన లేచింది.

"ఏవమ్మా, ఆడపిల్లవి, నీకెంత ముట్టిందేంటి? ఇదిగో నా చేతులు చూడు. ఇవి బాగున్న నీళ్లా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేను తాగానండి ఆ నీళ్లు. నిజంగా బాగున్నాయండి" అంది.

"అబద్ధాలకి హద్దుండాలి!" అని వెనకనుంచి అరిచారు. "ఉద్యోగం పీకించాలండి దీన్ది!" అని ఇంకొకరు.

సుప్రియ నావైపు తిరిగింది. నిలదీసి అడగలేదు. "బాబాయ్‌గారూ, మీరు చెప్పండి" అని బతిమాలుకున్నట్టు అంది. అప్పటికీ ఆ పిల్లకి నామీద అనుమానం లేదు. తిట్టి ఉంటే కూర్చునే ఉండేవాణ్ణేమో.

లేచాను. "టిన్ను నీళ్లండి. నేనే ఇప్పించాను. ఆ అమ్మాయి తప్పేం లేదు" అన్నాను.

రత్తమ్మొదిన మెల్లగా కూర్చుని, చేతులు కొంగు కింద పెట్టుకుంది. "ఇరవయ్యేళ్లు మా అందరి తరఫునా మాట్లాడావు కదయ్యా" అంది. అంతే అంది.

సెక్రటరీ గారు అందర్నీ బోరు దగ్గరికి తీసుకెళ్లారు. సుప్రియ మీటరు పెట్టింది. రెండు వేల నాలుగు వందలు. మూడుసార్లు పెట్టి మూడుసార్లూ పైకి చదివింది. నావైపు చూడలేదు. పై ఆఫీసుకి రాస్తామనీ, జవాబు వచ్చేదాకా తవ్వకం ఆపమంటామనీ సెక్రటరీ గారు చెప్పారు. ఆగుతుందో లేదో ఆయనకీ తెలీదు.

తర్వాత నన్ను కూర్చోబెట్టి ఓ ఫారం ఇచ్చారు. మొదట చెప్పింది తప్పని నేనే రాసివ్వాలి. కింద "కారణం" అని ఒక గడి. పెన్ను పట్టుకుని, వంకర అక్షరాలతో "సిగ్గుపడి" అని రాశాను.

సత్యప్రసాద్ గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇది కారణం కింద రాదండి, ఏసురాజుగారూ. ఇలా పంపితే వెనక్కొస్తుంది."

ఆయనే దాన్ని కొట్టేసి, పైన "పొరపాటున" అని అందంగా రాశారు.

అదీ అబద్ధమే. సంతకం పెట్టాను.