సొర ఇంటి ఆడపడుచు

దమారిస్ వాళ్ళ దీవిలో ఒక్కో వంశానికి ఒక్కో జంతువు చుట్టం. వీళ్ళ వంశానికి సొరచేప. పడవ పక్కన దాని రెక్క తేలితే చాలు, వాళ్ళ తాత తెడ్డు ఆపి, "ఏరా తమ్ముడూ, ఎటు బయల్దేరావ్?" అని పలకరించేవాడు.

ఇప్పుడు చదువుకునే ఊరు టౌన్స్‌విల్‌లో, జువాలజీ డిగ్రీ రెండో ఏడు ల్యాబ్‌లో, ఆ ఇంటి ఆడపిల్ల ఒకతె, కోతకి తెచ్చిన చచ్చిన సొర, ట్రేలో వెల్లకిలా పడుకుని ఉంది. బయట వాన ఒకటే ధార. దాన్ని నిలవుంచిన మందు వాసనకి దమారిస్ తల తేలిపోయింది. కాళ్ళ కింద గచ్చు పడవలా మెల్లగా ఊగసాగింది.

"కొయ్యవేం?" అన్నాడు ఆమెతో జోడీ కట్టిన బ్రోడీ.

"నేను కొయ్యను. అది మావాళ్ళ పిల్ల."

"ఓహో, చుట్టరికమా! మరి మీ ఇంట్లో పెళ్ళికి పిలిచారా దీన్ని?"

"నోర్మూసుకుని నువ్వే కొయ్యి. బొమ్మ నేను గీస్తా."

బ్రోడీ నవ్వుతూనే కత్తెర వేశాడు. పొట్ట తెరుచుకుంది. లోపల వేలెడేసి పిల్లలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడికో ఈదుకుంటూ పోతున్నట్టే ఉన్నాయి. దమారిస్‌కి గదంతా నీలంగా నీళ్ళు నిండినట్టనిపించింది. ఆ నీళ్ళలో అవి కదిలాయి కూడా.

బ్రోడీ నవ్వు ఆగిపోయింది. కత్తెర కింద పెట్టేశాడు. పక్క బల్లవాళ్ళకి వినపడకుండా అడిగాడు.

"వీళ్ళు నీకేమవుతారు?"

"చెల్లెలి పిల్లలు," అంది దమారిస్. "అంటే, నా పిల్లలే."