నాలుగు మూలల పసుపు

ఎర్ర ఫైలు కిరాయి రసీదులు, నీలంది కరెంటు బిల్లులు, పచ్చది మిషన్ల కాగితాలు, పచ్చదాంట్లోనే ఉండాలి, లేకపోతే ఎక్కడికి పోతుంది, స్వర్ణలత మెట్రోలో కూర్చుని ఒళ్లోని ఫైలును మూడోసారి తిరగేసింది, వారంటీ కార్డు ఉంది, సర్వీసు చీటీలు తేదీల వరసలో ఉన్నాయి, ఎంబ్రాయిడరీ మిషను కొన్న బిల్లు ఒక్కటే లేదు, టైము మూడుంబావు, ఎల్బీనగర్ ఇన్సూరెన్సు ఆఫీసులో పట్టాభి నాలుగింటి వరకే ఆగుతానన్నాడు, ఒరిజినల్ బిల్లు లేకపోతే క్లెయిము మూసేయాల్సిందేనండీ, నా చేతుల్లో ఏమీ లేదండీ, బిల్లిచ్చిన డీలరు కొట్టు ఎత్తేసి ఏడాదైంది, నీళ్లలో నానిన మిషను ఇక తిరగదు, కొత్తది రాకపోతే దిల్‌సుఖ్‌నగర్ బ్లౌజుల ఆర్డర్లన్నీ పక్క వీధికి పోతాయి.

ఆ వాన రోజు సరూర్‌నగర్ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొస్తే తను ముందుగా ఫైళ్ల సంచినే అటక మీదికి విసిరింది, అత్త కృష్ణమ్మ మాత్రం దేవుడి పటాలు చంకన పెట్టుకుని నిచ్చెనెక్కుతోంది, మిషన్ మునుగుతుంటే పటాలెందుకత్తమ్మా, జర ఓ చెయ్యి పట్టు అని అరిచింది తను, ఇవాళ పొద్దున కూడా, పనికొచ్చే నాగేశ్వరి ముందే, నా కాయితాలు నువ్వే ఏడనో పెట్టినవ్, ముట్టకంటే ఇనవు అనేసింది, కృష్ణమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, నాకు సదువు రాదు గని కాయితం ఇలువ తెల్వదానే అంది, నాగేశ్వరి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఎందుకన్నానో, అన్నాక వెనక్కి తీసుకోగలనా.

చైతన్యపురిలో ఎక్కినామె పక్కన కూర్చుంది, ఒళ్లో పెళ్లికార్డుల కట్ట, ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపు, స్వర్ణలత చూపు అక్కడే ఆగింది, మిషను ఇంటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు, బిల్లు మూలలకు ఎవరో పసుపు పూశారు, ఎవరో కాదు, ఆ వేళ్లు తనవే, తడి పసుపు మిగతా కాగితాలకు అంటుకుంటుందని, ఆరాక ఫైల్లో పెడదామని, మడిచి లక్ష్మి పటం వెనక అట్టసందులో దోపింది కూడా తనే.

ఫోను చేసింది, అత్తమ్మా, లచ్చిమి పటం ఎనకాల జర చూడు, చూసుడెందుకే, అంది కృష్ణమ్మ, నువ్వు పెట్టిన పసుపు కాయితమేగా, ఉన్నది, సుక్క నీళ్లు తగల్లే, మరి పొద్దున చెప్పలేదేంది, మిషన్ బిల్లని నువ్వు చెప్తే గద, కాయితం కాయితం అని ఒర్లినవ్, ముట్టకంటివి, ముట్టలే, ఎల్బీనగర్‌ల దిగి ఆడనే ఉండు, ఆటోల తెస్తున్న, ఇప్పుడన్న ముట్టుకోవచ్చునా మరి.

రైలు విక్టోరియా మెమోరియల్ స్టేషను దాటింది, ఆ నీళ్లలో తను కాపాడింది బిల్లు లేని ఫైలు, బిల్లును చంకన పెట్టుకుని నిచ్చెనెక్కింది కృష్ణమ్మ, స్వర్ణలత పచ్చ ఫైలు మూసేసింది, పట్టాభి బల్ల మీద ఆ కాగితం తను పెట్టదు, అత్త చేతులతోనే పెట్టిస్తుంది.