గళ్ల దుప్పటి

పాత తెల్ల దుప్పటి మీద నల్ల గీతలు గీసి, అంచుల్లో అంకెలు వేసింది ఆమే. ఇప్పుడు దాన్ని ఇస్త్రీ చేస్తున్నదీ ఆమే. ఈరోజు దాని మీద పాఠం చెప్పబోయేది మాత్రం ఆమె భర్త. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే సబ్జెక్టు, లెక్కలు.

"మొగుడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదటే?" అంది అత్తగారు. కాదు. ఆ మాట పైకి అనలేక ఇస్త్రీపెట్టెను ఇంకాస్త గట్టిగా అదిమింది. కట్టుకున్నవాడి మీద అసూయ ఏమిటని ఎవరైనా నవ్వుతారేమో గానీ, ఆమెకు అసూయే. అసలా పాఠం పుట్టిందే ఆయన వల్ల. "నా కళ్లజోడేదీ?" అని ఆయన కేకేస్తే "రెండో అర, నాలుగో డబ్బా పక్కన" అని పొయ్యి దగ్గర నుంచే చెప్పీ చెప్పీ, ఓ రోజు పిల్లలకు రెండంకెలతో గడిని గుర్తుపట్టడం నేర్పే దారి దొరికింది. ముందు గడప వెంట నడవాలి, తర్వాతే మెట్లెక్కాలి. మొదటి అంకె అడ్డం, రెండోది నిలువు.

బడి హాల్లో నేల మీద దుప్పటి పరిచారు. పాఠం చూడ్డానికొచ్చిన పెద్దాఫీసరు ముందు కుర్చీలో కూర్చున్నాడు. భర్త పాఠం సాఫీగా సాగేలా అల్లరి పిల్లలందరినీ వెనకాల ఆమెకు అప్పగించారు.

"ఒక పిల్లను మూడు, ఐదు గడిలో నిలబెట్టండి," అన్నాడు ఆఫీసరు.

ఆయన రెండు జడల పిల్లను అడ్డంగా ఐదు, నిలువుగా మూడు గడులు నడిపించాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. "కాదు సార్, ముందు గడప వెంట మూడే నడవాలి. మా టీచర్ చెప్పింది."

ఆయన చూపు నేరుగా వెనక్కి, ఆమె మీదికొచ్చింది. కళ్లజోడు కనబడనప్పటి చూపే. అలవాటు కొద్దీ సైగ చేయడానికి ఆమె చెయ్యి లేవబోయింది. ఆ చేతిని వెనక్కి కట్టుకుంది.

ఆయన నవ్వేశాడు. "మీరు వింటున్నారా లేదా అని కావాలనే తప్పు చేశాను పిల్లలూ!"

చప్పట్లు మోగిపోయాయి. ఆఫీసరు "భలే" అన్నాడు. ఆయన తప్పుకు కూడా చప్పట్లే! ఒళ్లు మండిపోయింది ఆమెకు.

అంతా అయ్యాక హెడ్మిస్ట్రెస్ ఆమెను తన గదిలోకి పిలిచింది. రేపటి నుంచి మిగతా బళ్ల టీచర్లకు ఈ పద్ధతి నేర్పడానికి ఒక్కరినే పంపాలట. "మా టీచర్ అందే ఆ పిల్ల, ఎవరా టీచర్?"

ఇంకెప్పుడైనా అయితే "ఇద్దరం కలిసే చేశామండి" అనేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే," అంది.

హెడ్మిస్ట్రెస్ కాగితం ముందుకు జరిపింది. ఆమె తన పేరు రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఆమె కూర తరుగుతుంటే గదిలోంచి కేక వినిపించింది. "ఏమోయ్, దుప్పటెక్కడ పెట్టావ్? రేపో మాపో శిక్షణకి పిలుస్తారు, పట్టుకెళ్లాలి కదా!"

"నా సంచిలో ఉంది."

"నీ సంచిలో ఎందుకు?"

"పిలుపు నాకొచ్చింది. పొద్దున్నే వెళ్తున్నాను."

గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. తర్వాత గొంతు సగానికి తగ్గి వినిపించింది. "మరి... నా చొక్కాలెక్కడున్నాయి?"

ఆమె కత్తి ఆపలేదు.

"ఇంట్లోనే ఉన్నాయి. వెతుక్కోండి."