బేరము లేని అంగడి

హేమంత ప్రభాతమున దట్టముగ క్రమ్మిన మంచు మెల్లమెల్లగ విచ్చుచుండ, బాలభానుని లేతకిరణములు సోకి తుషారబిందు శోభితంబులై తళతళలాడు పొట్లకాయలును నీలమణికాంతుల నీను గుండ్రని వంకాయలును, బొబ్బిలి పట్టణమున బస్సుల నిలయమునకు వెనుకనున్న రేకులశాలలో రాసులు రాసులుగ పోయబడి చూపరులకు కన్నులపండువు గావించుచుండెను. కొనువారు మాత్రమొక్కరును కానరారైరి.

ఆ శాల రైతులును పట్టణవాసులును భాగస్వాములై స్థాపించుకొనిన సహకార సంఘమునకు చెందినది. నడుమ దళారి లేడు. పండించినవాడే అమ్మును, వండుకొనువాడే కొనును, ఇరువురును యజమానులే. సంఘాధ్యక్షుడును విశ్రాంతోపాధ్యాయుడును నగు వేదుల జోగారావు పంతులు ధర్మశాస్త్రము రచించునంతటి గాంభీర్యముతో నల్లబల్లపై ఏనాటి ధరల నానాడు వ్రాయించి, యజమాని తనతో తాను బేరమాడుట హాస్యాస్పదమనియు కావున బేరము నిషిద్ధమనియు శాసించెను. న్యాయమైన మాటయే. న్యాయమైన మాటకు చప్పట్లు కొట్టి మరునాడు వేరొక అంగడికి పోవుట లోకమునకు క్రొత్తగాదు. నెల తిరుగకమున్నే సభ్యురాండ్రొక్కరొక్కరుగ పాత సంతకు మరలిరి. అచట తూకమున మోసము, ధరయు హెచ్చు. అయినను నోరారా వాదించి గెలిచితిమను తృప్తి కలదు గదా!

ఈ దుస్థితిని చూచి మిక్కిలి కుమిలినవాడు వంకాయల రాశి చెంత గోనెపట్టాపై కూర్చుండిన గౌరునాయుడు. సంఘము మూతబడెనేని అతడు మరల దళారి గుమ్మమున తలవంచుకొని నిలిచి, వాడు విసరిన ధరకు పంట నప్పగింపవలసినవాడే. ఆ తలంపు వచ్చినప్పుడెల్ల అతనికి అన్నము సహింపకుండెను. దానికి తోడు, ఎవ్వరికిని చెప్పుకొనరాని దుఃఖ మింకొకటి కలదు. చిన్ననాటినుండి బేరమాడిన నోరు నేడు పనిలేక పడియుండెను. బల్లవైపు వ్రేలు చూపి తూచియిచ్చుట అతనికి మూగనోము పట్టినట్లుండెను.

అంతలో పేరిందేవమ్మ యను వృద్ధసభ్యురాలు సంచి చంకనిడుకొని విచ్చేసెను. ఈమె పూర్వము సంతలో గౌరునాయునితో గొంతు బొంగురుపోవునంతదాక వాదించిగాని వంకాయ ముట్టని ధీరురాలు. ఆమె బల్లవైపు చూచి నిట్టూర్చి రొక్కము వానిముందుంచెను.

“ఇదే ఆఖరు, నాయుడూ! రేపణ్ణుంచి సంతకే పోతాను. ఇక్కడ కూరలు కొంటున్నట్టు లేదు, కరెంటు బిల్లు కడుతున్నట్టుంది.”

గౌరునాయుడు తూచబోవు త్రాసును క్రింద దించెను. ఏమి పలుకుచున్నాడో తానెరుంగకయే అతడు పలికెను.

“కిలో నలభయ్యమ్మా! తీసుకుంటే తీస్కోండి, నేకపోతే మానేయండి.”

బల్లపై ముప్పదియని వ్రాసియుండెను. అది యామెయు చూచినదే. అయినను ముడుతలుపడిన యా ముఖమున పెండ్లికళ తాండవించెను.

“ఈ పుచ్చులకు నలభయ్యా? మీ నాన్న తెచ్చే కాయలు వెన్నలా ఉండేవి. పాతికిస్తాను!”

“పాతిక్కి తొడిమిలొస్తాయమ్మా, కాయలు రావు!”

ఇట్లు దెప్పుచును, ఒట్లు పెట్టుకొనుచును, ఆమె రెండుమారులు అలిగి వాకిటిదాక పోయియు, అతడు రెండుమారులు వెనుకకు పిలిచియు సాగించిన యా వాగ్యుద్ధమును తిలకించుటకై గుమిగూడిన ప్రయాణికులు తమ బస్సు కదలిపోవుటయు నెరుంగరైరి. తుట్టతుదకు బేరము సరిగ్గ ముప్పదికడ తెగెను. ఇరువురును గెలిచినవారివలె చెమట తుడుచుకొనిరి.

కలకలము విని పంతులు పరుగున వచ్చెను. “నిషిద్ధమైన బేరమును సాగించుచున్న సభ్యులెవ్వరు?”

గౌరునాయుడు చేతులు కట్టుకొనెను. “ఎక్కడ మొదలెట్టినా బోర్డు కాడే ఆగినాం గదండి, బాబూ!”

పంతులు మీసము నిమురుకొనుచు నల్లబల్లను మరల చదివిచూచెను గాని తప్పు దొరకలేదు. బేర మెచట ప్రారంభమైనను బల్లమీది ధరయందే సమాప్తము కావలెనని సవరణ వెలువడెను. ఆ వార్త వీధివీధికిని ప్రాకుటయే తడవుగ, సంతకు మరలిన సభ్యురాండ్రందరును తిట్లు సవరించుకొనుచు తిరిగివచ్చిరి. రేకులకప్పు ఎగిరిపోవునట్లు శాల మ్రోగెను. గౌరునాయుడు కడుపునిండ అన్నము తినెను.

పిమ్మట నొకనాడు పేరిందేవమ్మ తలకు శాలువ చుట్టుకొని వచ్చి, మారుమాటాడక బల్లమీది ధర చెల్లించెను. గౌరునాయుడు బెదరిపోయెను.

“ఏటమ్మా, నామీద కోపమొచ్చిందేటి?”

ఆమె గొంతు చూపి చేయి త్రిప్పెను. జలుబుచే మాట పడిపోయినది. ఊరక రొక్కము పుచ్చుకొనుటకు అతనికి చేయియాడలేదు. “నలభై!” అని తన గొంతున గర్జించి, తలగుడ్డ విప్పి ముసుగువేసుకొని, “పుచ్చులకు నలభయ్యా? పాతికిస్తాను!” అని సన్నని గొంతున తన్ను తానే దెప్పుకొనెను. ఆమె తిట్లన్నియు కంఠస్థములగుటచే ఒక్కటియు విడువక, తండ్రి పేరెత్తి మరియు తిట్టుకొని, ముప్పదికి దిగివచ్చి, హమ్మయ్యయని త్రాసు నందుకొనెను.

పేరిందేవమ్మ తల అడ్డముగ నూపి, ఇంకను తగ్గింపుమన్నట్లు అరచేయి క్రిందికి దించెను.

“ఇద్దరూ కలిసి నా ఒక్కడిమీద పడిపోతే ఎలాగమ్మా!” అని గౌరునాయుడు మొరపెట్టెను.

శాలయెల్ల ఘొల్లున నవ్వెను, పంతులును గోడవైపు తిరిగి నవ్వుకొనెను. నడుమ దళారి లేకున్నను అంగడి జరుగును గాని, నడుమ మాట లేకున్న జరుగదు.